మూకీ సినిమా చూడటం ఎలా: ముందు సంగీతం, ఆ తర్వాతే బొమ్మ

"మూకీలు చూద్దామని కూర్చున్నానండీ, పది నిమిషాలకే నిద్రొచ్చేసింది. ఎలా చూడాలి వీటిని?" ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు. వాళ్లందరినీ నేను తిరిగి ఒకే ప్రశ్న వేశాను: మీరు చూసిన కాపీలో సంగీతం ఎవరిది? ఎవరికీ గుర్తులేదు. చిక్కంతా అక్కడే ఉంది.

మూకీని హాల్లో ఎవరో ఒకరు వాయిస్తుండగా చూడటానికే తీశారు. చిన్న హాలైతే పియానో, పెద్ద హాలైతే ఆర్గన్ లేదా ఆర్కెస్ట్రా, మన దేశంలో అయితే హార్మోనియం, తబలా. ఏదో ఒకటి తెర పక్కన మోగుతూనే ఉండేది. ఇప్పుడు ఇంట్లో ఫోన్లో పెట్టుకుని, ఎవరో అతికించిన ఏదో ట్యూన్‌తో చూస్తే సగం సినిమానే చూసినట్టు. అందుకే ఈ పద్ధతిలో ముందు సంగీతాన్ని ఎంచుకుంటాం, ఆ తర్వాతే సినిమాని.

మొత్తం ఐదు వారాల పని. వారానికి రెండు మూడు సాయంత్రాలు చాలు.

1. మొదటి వారం: కంటికి అలవాటు చేయడం

నేరుగా రెండున్నర గంటల జర్మన్ సినిమా మీద పడకండి. మనకు తెలిసిన చోట మొదలుపెడదాం.

మొదటి సాయంత్రం 'పుష్పక విమానము' (1987) చూడండి. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం, ఎల్. వైద్యనాథన్ సంగీతం. ఒక్క డైలాగు ఉండదు. ఇది అసలైన మూకీ కాదు, ఎందుకంటే రోడ్డు హోరు, తలుపుల చప్పుడు అన్నీ వినిపిస్తాయి. అయినా మాటల సాయం లేకుండా కథను పట్టుకోవడం దీనితో తేలిగ్గా అలవాటవుతుంది. ఇదివరకు చూసి ఉన్నా ఈసారి ఒక పని పెట్టుకుని చూడండి. ఖరీదైన హోటల్ గదిలో నిద్ర పట్టని హీరో, తన పాత గది దగ్గరి గోలను టేపులోకి ఎక్కించుకొచ్చి, అది వింటూ నిద్రపోతాడు. అక్కడ కథ చెబుతున్నది శబ్దమే. సంగీతం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఆగినప్పుడు మీకేమనిపించింది? ఒక కాగితం మీద రాసుకోండి.

రెండో సాయంత్రానికి జార్జ్ మెలియెస్ 'ఎ ట్రిప్ టు ది మూన్' (1902). పావుగంటలో అయిపోతుంది. సురభి నాటకం చూసినవాళ్లకి ఇది ఇట్టే అందుతుంది. రంగులు పూసిన తెరలు, పొగ, ఉన్న మనిషి మాయమైపోవడం, అంతా రంగస్థలం పద్ధతే. కెమెరా కదలదు, దగ్గరికీ రాదు. నాటకంలో కుడివైపు మాట్లాడుతున్నవాణ్ణి చూస్తూనే ఎడమవైపు జరిగేది గమనిస్తాం కదా, ఇక్కడా కన్ను అలాగే తిప్పాలి. అందుకే రెండుసార్లు చూడండి. మొదటిసారి మధ్యలో జరిగేది, రెండోసారి అంచుల్లో జరిగేది.

2. సరైన కాపీని ఎంచుకోవడం

చాలామంది దీన్ని వదిలేస్తారు. నిజానికి ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే.

పాత మూకీల్లో చాలావాటికి హక్కుల గడువు తీరిపోయింది. కాబట్టి ఒకే సినిమా ఇంటర్నెట్‌లో పది రకాలుగా దొరుకుతుంది. ఆ పదిలో ఏడెనిమిది చూడదగ్గవి కావు. కాపీని నాలుగు విషయాల్లో పరీక్షించాలి.

*సంగీతం.* వివరాల్లో గానీ, మొదట వచ్చే పేర్లలో గానీ సంగీతం ఎవరిదో రాసి ఉందా? ఉంటే ఆ కాపీని ఎవరో శ్రద్ధగా తయారు చేశారని అర్థం. లేకపోతే రెండు నిమిషాల పరీక్ష చేయండి. సీను మారిన చోట సంగీతం మారుతోందా? ఎవరో చనిపోతున్న సీన్లో హుషారు పియానో మోగుతోందా? ఒక ట్యూన్ మధ్యలో తెగిపోయి మళ్లీ మొదటికొస్తోందా? అలా ఉంటే అది అతికించిన సంగీతం, ఆ కాపీ వదిలేయండి.

*వేగం.* మూకీలను చేత్తో తిప్పే కెమెరాలతో తీసేవారు. ఫిల్ము మీద ఉండే ఒక్కో బొమ్మే ఫ్రేము. సెకనుకు సుమారు 16 నుంచి 24 ఫ్రేముల మధ్య ఎంతైనా ఉండేది. టాకీలు వచ్చాక 24 స్థిరపడింది. 18 ఫ్రేములతో తీసినదాన్ని 24తో ఆడిస్తే మనుషులు నడవరు, పరుగెత్తుతారు. ఏడుపు సీను కూడా కామెడీలా కనిపిస్తుంది. హీరోని చూస్తే ఇది తెలియదు, వెనకాల రోడ్డు మీద పోయేవాళ్లను చూడండి. గుర్రాలు, పొగ, నీళ్లు కూడా చెప్పేస్తాయి. వాళ్ల నడక అసహజంగా ఉంటే ప్లేయర్‌లో స్పీడును 0.75కి తగ్గించండి. 24ని 0.75తో గుణిస్తే సరిగ్గా 18 వస్తుంది. అప్పుడు సంగీతం సాగినట్టు అనిపిస్తే మ్యూట్ చేసి మీకు నచ్చిన వాద్య సంగీతం పెట్టుకోండి.

ఒక జాగ్రత్త. కామెడీ వాళ్లు కొన్ని సీన్లలో కావాలనే కెమెరాను నెమ్మదిగా తిప్పి, తెర మీద వేగం తెప్పించేవారు. అందుకని మూకీల కామెడీ నటుడు బస్టర్ కీటన్ పరుగును సరిచేయబోకండి, అది తప్పు కాదు.

*రంగు.* మూకీలన్నీ నలుపు తెలుపే అనుకుంటాం. చాలా సినిమాల్లో ఫిల్మునే రంగులో ముంచేవారు. రాత్రికి నీలం, దీపాల వెలుతురుకు పసుపు, మంటలకు ఎరుపు. నేను మొదటిసారి ఇంట్లోవాళ్లకు 'నోస్ఫెరాటు' (1922) చూపించినప్పుడు దొరికిన కాపీ రంగు లేనిది. రక్తపిశాచి శవపేటిక మోసుకుంటూ ఊరి వీధిలో నడిచే సీను వచ్చింది. అమ్మ కాసేపు చూసి, "అదేంట్రా, పిశాచం పట్టపగలు ఎండలో తిరుగుతోంది?" అంది. ఆవిడ అడిగింది నూటికి నూరుపాళ్లు సబబు. ఆ రాత్రి సీన్లను పగలే తీశారు, నీలం రంగు పడితేనే అది రాత్రి. రంగు తీసేసిన కాపీలో కథే తప్పిపోతుంది. తర్వాత నీలం, పసుపు ఉన్న కాపీ సంపాదించి చూపించాను. అదే వీధి, అదే నడక. ఈసారి అమ్మ మాట్లాడలేదు, కొంగు భుజం చుట్టూ లాక్కుని కూర్చుంది.

*నిడివి.* ఒకే సినిమాకు 80 నిమిషాల కాపీ, 150 నిమిషాల కాపీ రెండూ కనిపిస్తే మొదటిది కోత కాపీ అయ్యుండొచ్చు, లేదా వేగం పెంచింది అయ్యుండొచ్చు. పునరుద్ధరించిన కాపీ ఉంటే దాన్నే తీసుకోండి.

ప్లే నొక్కేముందు:

- సంగీతం ఎవరిదో తెలిసిందా?
- వెనకాల నడిచేవాళ్లు మామూలుగా నడుస్తున్నారా?
- రాత్రి సీను రాత్రిలా ఉందా?
- ముఖాల్లో కళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయా, తెల్లగా మాడిపోయాయా?
- పునరుద్ధరించిన కాపీ అని ఎక్కడైనా రాసి ఉందా?

3. గది

ఫోన్లో చూడొద్దు. ముఖంలో చిన్న కదలిక కూడా ఇక్కడ డైలాగుతో సమానం, చిన్న తెరలో అది పోతుంది. టీవీ గానీ, గోడ మీద ప్రొజెక్టర్ గానీ వాడండి. లైట్లు ఆపేయండి. టీవీలో కదలికను నునుపు చేసే సెట్టింగు ఉంటే అదీ ఆపేయండి.

స్పీకర్లు మాత్రం మంచివి కావాలి. టీవీ వెనక ఉండే సన్న స్పీకర్లలో చెల్లోలు, డ్రమ్ములు వినిపించవు. చిన్న బ్లూటూత్ స్పీకరైనా నయమే. అయితే ముందే ఒక నిమిషం చూసి, చప్పుడు బొమ్మ కంటే వెనకపడటం లేదని నిర్ధారించుకోండి.

ఫోన్లు మరో గదిలో పెట్టేయండి. మామూలు సినిమాలో వాట్సాప్ చూస్తూ కూడా డైలాగు వింటాం. ఇక్కడ తల దించితే కథ పోయినట్టే.

4. రెండో వారం: సంగీతంతో చూడటం

మొదటి పూర్తి నిడివి మూకీగా నేను చార్లీ చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931) చూడమంటాను. దానికి ఒక కారణం ఉంది. అప్పటికే టాకీలు వచ్చేశాయి. అయినా చాప్లిన్ మాటలు పెట్టకుండా, సంగీతం తనే సమకూర్చి ఫిల్ముతో పాటే రికార్డు చేయించాడు. కాబట్టి ఏ కాపీ సంగీతం మంచిది అన్న సమస్యే ఇక్కడ లేదు. మీరు వినేది ఆయన అనుకున్నదే.

సినిమా మొదట్లోనే చెవి పెట్టండి. విగ్రహావిష్కరణ సభలో పెద్దమనుషులు ఉపన్యాసం ఇస్తుంటే మాటలకు బదులు బూరలాంటి గోల వస్తుంది. తర్వాత పార్టీలో చార్లీ ఈల మింగేస్తాడు. ఎక్కిళ్లు వచ్చినప్పుడల్లా లోపల్నుంచి ఈల మోగుతుంది, పాటగాడు పాడలేడు, బయట టాక్సీ వచ్చి ఆగుతుంది, కుక్కలు పరుగెత్తుకొస్తాయి. పూలమ్మే అమ్మాయి కనిపించినప్పుడల్లా ఒక ట్యూన్ వెంట వస్తుంది. హోసే పడియ్యా స్వరపరిచిన 'లా వియోలెతెరా' అది. మొదటిసారి వినగానే దాన్ని గుర్తుపెట్టుకోండి, సినిమా అంతా అది మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

పూర్తిగా చూశాక మర్నాడు అసలు సాధన చేయాలి. చివరి ఐదు నిమిషాలు తీసుకోండి. అమ్మాయికి చూపు వచ్చేసింది, తన కోసం జైలుకెళ్లొచ్చింది ఇతనేనని ఆమెకు తెలియదు.

ఒకటో సారి: మ్యూట్ చేసి చూడండి. ముఖాలు వదిలేసి చేతులు మాత్రమే చూడండి. ఆమె పువ్వు ఇస్తుంది, అతని చేతిలో నాణెం పెట్టడానికి ఆ చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకున్నాక వేళ్లు ఆగుతాయి. కళ్లు గుర్తుపట్టని మనిషిని స్పర్శ గుర్తుపట్టింది. వేళ్లు ఆగిన ఆ క్షణం మీకు విడిగా కనిపించాలి.

రెండో సారి: తెరకు వీపు పెట్టి కూర్చుని సంగీతం ఒక్కటే వినండి. వేళ్లు ఎక్కడ ఆగి ఉంటాయో ఊహించండి.

మూడో సారి: రెండూ కలిపి చూడండి.

నాలుగో సారి: మళ్లీ మ్యూట్ చేసి, మన సంగీతం పెట్టండి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఏదైనా సరే. పాట మాత్రం వద్దు. సాహిత్యం ఉంటే మనసు మాటల వెంట పోతుంది. శివరంజనితో ఒకసారి, మోహనతో ఒకసారి చూడండి. శివరంజనితో చూసినప్పుడు చార్లీ చివరి చిరునవ్వు నాకు వీడ్కోలులా అనిపించింది. మోహన పెట్టగానే అదే నవ్వు కొత్త పరిచయంలా మారిపోయింది. బొమ్మలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.

ఇంత చేయడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట తర్వాత ఏ మూకీ చూసినా చెవి దానంతటదే పనిచేస్తుంది.

ప్రతి సినిమాకూ రాసుకోవాల్సినవి:

- ఎవరికైనా ప్రత్యేకమైన ట్యూన్ ఉందా? అది తర్వాత ఎప్పుడు మారిన రూపంలో వచ్చింది?
- సంగీతం బొమ్మ కంటే ముందు వెళ్తోందా, వెనక వస్తోందా? ప్రమాదం మనకు కనిపించకముందే వినిపించిందా?
- పూర్తిగా నిశ్శబ్దమైన చోటు ఉందా? అక్కడే ఎందుకు?

5. మూడో వారం: భారీ దృశ్యాలు

గ్రాఫిక్స్ చూసి చూసి మన కళ్లు ఏదీ నమ్మడం మానేశాయి. వంతెన కూలితే "కంప్యూటర్‌లో చేసుంటారు" అనుకుని ముందుకెళ్లిపోతాం. ఈ అలవాటును కొన్నాళ్లు పక్కన పెట్టాలి.

బస్టర్ కీటన్ 'ది జనరల్' (1926) తీసుకోండి. దీనికి కార్ల్ డేవిస్ సంగీతం ఉన్న కాపీ ఒకటి, జో హిసాయిషీ సంగీతం ఉన్న కాపీ ఒకటి ఉన్నాయి. ఏది దొరికినా మంచిదే, రెండూ దొరికితే మీ అదృష్టం.

ప్రతి పెద్ద దృశ్యానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి.

*ఇది ఒకే షాటా?* కీటన్ రైలింజను ముందుభాగంలో కూర్చుని ఉంటాడు, చేతిలో బరువైన స్లీపరు దుంగ. పట్టాల మీద ఇంకో దుంగ అడ్డంగా పడి ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని ఆ దుంగ కొస మీద పడేలా విసురుతాడు, రెండూ ఎగిరి పక్కకు పడిపోతాయి. కట్ లేదు. ఆ సీనును వెనక్కి తిప్పి మూడుసార్లు చూడండి. గురి తప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

*కెమెరా ఎందుకు అంత దూరంలో ఉంది?* మనసు విరిగిన హీరో ఇంజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చుంటాడు. ఇంజను కదులుతుంది, అతను గమనించకుండానే పైకీ కిందకీ తిరుగుతుంటాడు. కెమెరా దగ్గరికెళ్తే అతని బాధే కనిపించేది. దూరంగా ఉంది కాబట్టి ఆ బాధ పక్కన చక్రం ఎంత పెద్దదో కూడా కనిపించింది.

*ఏది నిజం, ఏది మాయ?* ఇందులో కాలుతున్న వంతెన మీదుగా వెళ్లి నదిలో పడిపోయే ఇంజను నిజమైనదే. ఆరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ దగ్గర తీశారు. రెండో టేకుకు అవకాశమే లేదు. 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లో ఇంటి ముందు గోడ మొత్తం కీటన్ మీద పడుతుంది, తెరిచి ఉన్న పై కిటికీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికి వస్తుంది. అదీ నిజం గోడే. ఈ సీనుకు ఇంకో ప్రశ్న చేర్చండి: గోడ పడే ముందు క్షణంలో సంగీతం ఏం చేసింది? పెరిగిందా, ఊపిరి బిగపట్టిందా? వేరే సంగీతంతో ఉన్న కాపీ దొరికితే పోల్చండి. కనువిందుకూ సంగీతానికీ ఉన్న బంధం అక్కడ బాగా తెలుస్తుంది.

6. టైటిల్ కార్డులు

మూకీలో మాటలను, కథను అక్షరాల్లో రాసి మధ్యమధ్యలో తెర మీద చూపిస్తారే, అవే టైటిల్ కార్డులు. కార్డు రాగానే చదివేసి, అది పోయేలోపు మళ్లీ ఒకసారి చదవండి. అప్పట్లో నెమ్మదిగా చదివేవాళ్ల కోసం కార్డును ఎక్కువసేపు ఉంచేవారు. ఆ ఖాళీలో సంగీతం వినండి.

ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఒకరు కార్డును తెలుగులో పైకి చదవాలి. మన దేశంలో హాల్లో కథ చదివి చెప్పే మనిషి ఉండేవాడు, జపాన్‌లో అయితే ఆ పని చేసే బెన్షీలకు సినిమా తారలంత పేరు. చదివేవాళ్లు కార్డుకే పరిమితం కావాలి. తర్వాత ఏం జరగబోతోందో చెప్పొద్దు.

7. నాలుగో వారం: ఒక పెద్ద సినిమా

ఇప్పుడు జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపొలిస్' (1927) చూడొచ్చు. 2010లో వచ్చిన పునరుద్ధరించిన కాపీ, సుమారు రెండున్నర గంటలది, గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ అసలు సంగీతంతో ఉన్నది కావాలి. పోయిందనుకున్న భాగాలు 2008లో బ్యూనస్ ఏరిస్‌లో దొరికిన 16 ఎం.ఎం. ప్రింటులో బయటపడ్డాయి. మధ్యమధ్యలో గీతలతో, మసకగా కనిపించేవి ఆ భాగాలే, మీ కాపీ చెడిపోలేదు. ఏ సీను ఎక్కడ రావాలో తేల్చడానికి హుప్పెర్ట్జ్ రాసుకున్న స్వరప్రతి బాగా పనికొచ్చింది. సంగీతం సినిమాను కాపాడిన సందర్భం ఇది. నాకు తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

సినిమా మూడు భాగాలు, వాటి పేర్లూ సంగీతం పరిభాషలోనే ఉంటాయి. ఒకే రాత్రి మొత్తం చూడాలన్న పంతం వద్దు. రోజుకు ఒక భాగం చొప్పున మూడు రోజులు పెట్టుకోండి.

మొదట్లో షిఫ్టు మారే సీనులో రెండు వరసల కార్మికులు ఎదురెదురుగా నడుస్తారు. రెండు వరసల నడక వేగం ఒకటేనా? తొడ మీద తాళం వేసి చూడండి. మహానగరం దృశ్యాల్లో అద్దాలు వాడారు. అద్దం వెనక పూతను కొంతమేర గీకేసి, ఆ ఖాళీలోంచి నటులను, మిగతా అద్దంలో చిన్న మోడల్ ప్రతిబింబాన్ని ఒకేసారి ఫిల్ముకెక్కించారు.

తర్వాత జార్జియో మోరోడర్ 1984లో పాప్ పాటలతో చేసిన పొట్టి కాపీ కనిపిస్తే ఓ పది నిమిషాలు చూడండి. కొందరికి అది మహాపాపం. నాకు మాత్రం పాఠంలా పనికొచ్చింది. సంగీతం మారగానే అదే యంత్రం అదే కార్మికుణ్ణి మింగుతున్నా భయం పోయి హుషారు వస్తుంది.

8. ఐదో వారం: మన గడ్డ మీద తీసినవి

'ఎ త్రో ఆఫ్ డైస్' (1929) తప్పకుండా చూడండి. హిమాంశు రాయ్, ఫ్రాంజ్ ఓస్టెన్ రాజస్థాన్‌లో తీశారు. జూదం కథకు మూలం మహాభారతం, కాబట్టి కథ కోసం మనకు కార్డులతో పెద్దగా పని లేదు. ఏనుగులు, గుర్రాలు, వేలమంది జనం, అంతా నిజం. పునరుద్ధరించిన కాపీకి నితిన్ సాహ్నీ సంగీతం ఇచ్చారు. అదే జట్టు 'షిరాజ్' (1928)కు పునరుద్ధరణ తర్వాత అనౌష్కా శంకర్ సంగీతం ఉంది. పాచికలు పడే సీనును ముందు మ్యూట్‌లో, తర్వాత సంగీతంతో చూడండి. మాయాజూదం మనకు పద్యాలతో సహా తెలుసు కాబట్టి, సంగీతం ఎవరి పక్షాన ఉందో వెంటనే పట్టేస్తారు.

రఘుపతి వెంకయ్య నాయుడు గారి కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' (1921)ను కూడా ఈ జాబితాలో పెట్టాలని ఎంతో ఉంది. దాని ప్రింటు మిగల్లేదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

- *నిద్ర వస్తోంది.* దాదాపు ఎప్పుడూ సంగీతమే కారణం. కాపీ మార్చండి. మారినా వస్తుంటే 25 నిమిషాల కామెడీలతో మొదలుపెట్టండి.
- *నటన అతిగా ఉంది.* వేగం పరీక్షించండి. అతి అనిపించేది చాలాసార్లు వేగం వల్లే. అప్పటికీ అతిగానే ఉంటే కావచ్చు, అన్ని మూకీలూ గొప్పవి కావు.
- *పిల్లలు గోల చేస్తున్నారు.* చేయనివ్వండి, కీటన్ సినిమాకు అరుపులు ఉండాల్సిందే. చెంచాలు, గిన్నెలు ఇచ్చి గోడ కూలినప్పుడు మోగించమనండి, సీను కోసం కళ్లార్పకుండా ఎదురుచూస్తారు.
- *సంగీతం మరీ ఎక్కువగా ఉంది, బొమ్మ కనిపించడం లేదు.* కొత్త స్వరకర్తలు కొందరు ఈ తప్పు చేస్తారు. సౌండ్ సగానికి తగ్గించండి, చాలకపోతే ఒక్క పియానోతో ఉన్న కాపీ వెతకండి.
- *కథ ముందే చదివేయడం.* జూదం కథలాంటివి తెలిసినా పర్వాలేదు. కీటన్ సినిమాకు మాత్రం ఏమీ చదవకుండా కూర్చోండి.

10. అవకాశం దొరికితే లైవ్‌లో

ఎక్కడైనా సంగీతకారులు ఎదురుగా వాయిస్తూ మూకీ వేస్తుంటే ఖర్చుకు వెనకాడకుండా వెళ్లండి. మన నగరాల్లో ఫిల్మ్ క్లబ్బులు, విదేశీ సాంస్కృతిక కేంద్రాల కార్యక్రమాల మీద కన్నేసి ఉంచండి. అమెరికాలో ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇది ఇంటి పక్కనే ఉంది. ఆ ఊళ్లోని నైల్స్ పేటలోనే చాప్లిన్ 1915లో 'ది ట్రాంప్' తీశాడు. అక్కడి మూకీ చిత్రాల మ్యూజియంలో పియానోతో ప్రదర్శనలు వేస్తుంటారు. ఇటలీలోని పోర్దెనోనెలో అక్టోబరు నెలలో మూకీల పండగే జరుగుతుంది.

తెర, పియానో వాయించే మనిషి చేతులు రెండూ కనిపించే సీటు తీసుకోండి. ఆ మనిషి కళ్లు మెట్ల మీద ఉండవు, తెర మీదే ఉంటాయి. జనం నవ్వితే ఆ నవ్వు తగ్గేదాకా అదే ట్యూన్‌ను సాగదీస్తారు. ఏడుపు సీన్లో చెయ్యి ఎత్తేసి ఆగుతారు. ప్రదర్శన అయ్యాక దగ్గరికెళ్లి, మీకు నచ్చిన సీను పేరు చెప్పి, అక్కడ ఎందుకు ఆపారని అడగండి. నేను అడిగినప్పుడు ఆయన జవాబు నోటితో చెప్పలేదు. మళ్లీ పియానో ముందు కూర్చుని ఆ నాలుగు స్వరాలు వాయించి, ఆగి, నా వైపు చూశారు.